శంకర్ - జైకిషన్ : ఇద్దరి పేరు

హిందీ సినిమా పాట వినిపించుటకు ముందు అనౌన్సరు చిత్రము పేరు, గాయకుల పేర్లు, కవి పేరు చెప్పి, తుదకు సంగీత దర్శకుని పేరు చెప్పుట వాడుక. ఆ స్థానమున ‘శంకర్ - జైకిషన్’ అని చెప్పవలసివచ్చినపుడు మేము నడుమ ఆగము. శ్రోతలును దానిని ఒకే పేరుగా విందురు. అయినను ఈ వరుస శంకర్‌దా, జైకిషన్‌దా అని అడుగువారు ఎల్లప్పుడును కలరు. ఆ ఇరువురును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకయే పనిచేసిరి. వారి జీవితకథలో మాకు ముఖ్యముగా తోచున దిదియే.

శంకర్ సింగ్ రఘువంశి హైదరాబాదున పెరిగినవాడు, తబలా నేర్చినవాడు. జైకిషన్ పంచాల్ గుజరాతు ప్రాంతమునందలి బాంసదా వాస్తవ్యుడు, హార్మోనియము వాద్యకుడు. ఇరువురును బొంబాయి చేరి, ఒక దర్శకుని కార్యాలయము వెలుపల పనికై వేచియుండగా పరిచితులైరని చెప్పుదురు. పిదప పృథ్వీ థియేటర్సు నాటక సంస్థలో ఒకరు తబలాకును, ఒకరు హార్మోనియమునకును కూర్చుండిరి. 1948లో రాజ్ కపూర్ తీసిన ‘ఆగ్’ చిత్రమునకు రామ్ గంగూలీ సంగీత దర్శకుడు కాగా, వీరు ఆయనకు సహాయకులుగా నుండిరి. 1949లో ‘బర్సాత్’ చిత్రము వీరికే లభించెను. పాటలు వ్రాసిన శైలేంద్ర రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు. హస్రత్ జైపురి బస్సు కండక్టరుగా నుండినవాడు. పేరులేని నలుగురు యువకులు ఒకే చిత్రముతో దేశమంతటికిని తెలిసిరి.

వీరి సంగీతమున క్రొత్తదనమేమి? అంతకుముందు పెక్కు పాటలలో వాద్యములు గాయకుని వెంట నీడవలె నడచుచుండెను. శంకర్ - జైకిషన్‌ల పాటలో వయొలిన్ల సమూహము గొంతుతో ఒకే వరుస వాయింపక, దానికి జవాబు చెప్పినట్లు వేరొక వరుస వాయించును. ఈ వాద్యరచనకు గోవా దేశస్థుడైన సెబాస్టియన్ డిసౌజా చేయూత గొప్పది. తాళవాద్యముల బాధ్యత దత్తారాముది. ఇంత ఆడంబరమున్నను పల్లవి మాత్రము పిల్లవాడు సైతము పాడుకొన గలిగినంత తేలికగా నుండును. భైరవి రాగముపై వీరికి మక్కువ యెక్కువ. అది మన కర్ణాటక భైరవి కాదు. హిందుస్థానీ భైరవి స్వరస్థానములు మన తోడికి సరిపోవును.

వీరికి శాస్త్రీయ సంగీతము రాదని ఆక్షేపించినవారికి 1956 నాటి ‘బసంత్ బహార్’ సమాధానమయ్యెను. అందు పండిత భీమసేన్ జోషీతో మన్నాడే పోటీపడి పాడిన పాట కలదు. కథ ననుసరించి మన్నాడే గొంతే గెలువవలెను! ఆ గాయకుడు భయపడిన సంగతి తరువాత ఆయనయే చెప్పుకొనెను.

ఈ పాటల ప్రచారమునకు రేడియో చేసిన మేలు విచిత్రమైనది. 1952 ప్రాంతమున ఆకాశవాణి సినిమా పాటలను బాగుగా తగ్గించెను. శ్రోతలు ముల్లును సిలోను వైపునకు త్రిప్పిరి. అదే సంవత్సరమున అచట ఆరంభమైన ‘బినాకా గీతమాల’ వారము వారము వీరి పేరును ఇంటింట వినిపించెను. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైన పిదప ఆ శ్రోతలు మరల మనవైపునకు రాసాగిరి.

తెలుగువారికి ఈ జంటతో ఒక చుట్టరికము కలదు. 1955 నాటి ‘శ్రీ 420’ చిత్రమునందొక బృందగీతము, రామయ్యను వస్తావా యని పిలుచు తెలుగు పల్లవితో ఆరంభమగును. హైదరాబాదున పెరిగి తెలుగు నేర్చిన శంకరే ఆ మాటలను అందించెనని ప్రతీతి. అర్థము తెలియని ఉత్తరాది జనులు సైతము వానిని పాడుకొనిరి. 1971లో ‘జీవిత చక్రము’ అను తెలుగు చిత్రమునకును ఈ జంటయే సంగీతము కూర్చెను.

శైలేంద్ర పాటలకు శంకర్, హస్రత్ పాటలకు జైకిషన్ వరుసలు కట్టుచుండెడివారనియు, నేపథ్య సంగీతము జైకిషన్ సొత్తనియు సంగీతజ్ఞులు చెప్పుదురు. 1960 తరువాతి సంవత్సరములలో ఇరువురి నడుమ పొరపొచ్చెములు వచ్చెననియు, వేర్వేరుగా పనిచేసిరనియు వినికిడి. అయినను రికార్డుపై పేరు విడిపోలేదు. 1968లో పద్మశ్రీ బిరుదమును ఇరువురును కలసియే పొందిరి.

1971 సెప్టెంబరు 12న జైకిషన్ మరణించెను. అప్పటికాయనకు నడివయస్సైనను రాలేదు. శంకర్ ఇక తన పేరొక్కటియే వేసికొనవచ్చును, తప్పుపట్టువారు లేరు. ఆయన అట్లు చేయలేదు. ‘బేఇమాన్’ చిత్ర సంగీతమునకు ఫిలింఫేర్ బహుమతి వచ్చినపుడును పేరు ఇరువురిదే. బహుమతులు వచ్చినను కాలము మాత్రము కలసిరాలేదు. 1973లో రాజ్ కపూర్ ‘బాబీ’ చిత్రమునకు లక్ష్మీకాంత్ - ప్యారేలాల్ జంటను పిలుచుకొనెను. అవకాశములు సన్నగిల్లినను, 1987 ఏప్రిలు 26న కన్నుమూయువరకు శంకర్ తన మిత్రుని పేరును ప్రక్కన నిలుపుకొనియే యుండెను.

తగవుపడిన దినములలోను, మిత్రుడు లేని పదునైదేండ్లకు పైబడిన కాలములోను నిలిచిన ఆ పేరును మనము విడదీయబూనుట న్యాయము కాదు. ఇకమీద వీరి పాట వచ్చినపుడు, ఎవరిదని వెదకుటకు మారుగా, గొంతు ఆగినచోట వయొలిన్లు ఏమి చెప్పుచున్నవో ఆలకింపుడు. ఒకరు మాటలాడుచుండగా మరియొకరు అడ్డురాక జవాబు చెప్పుట యెట్లో అచట వినబడును.