పశ్చాత్తాపమును మరపును

చిత్రకథలు చదువు విద్యార్థులలో స్పైడర్‌మన్‌ను ఎరుగనివారు అరుదు. కాని అతని ప్రబలశత్రువగు గ్రీన్ గాబ్లిన్ సైతము ఒక బిడ్డకు తండ్రి యను సంగతిని పలువురు గమనింపరు. ఆ తండ్రీకొడుకుల వృత్తాంతము పిన్నలకును పెద్దలకును ఆలోచింపదగినది గనుక దానిని సంగ్రహముగా వివరించెదను.

ఈ ప్రతినాయకుని స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అనువారు 1964లో కల్పించిరి. ముసుగు వెనుకనున్నవాడు నార్మన్ ఆస్బర్న్ అను ధనికుడైన పారిశ్రామికుడని 1966లో వెలువడిన 39వ సంచికలో బయటపడెను. రసాయనద్రవ మొకటి ప్రేలి అతని మెదడును చెరుపగా, తెలివి పెరిగి వివేకము నశించెను. అతని కుమారుడు హ్యారీ. స్పైడర్‌మన్ అగు పీటర్ పార్కరుకు అతడు కళాశాలలో సహాధ్యాయి. పూర్వము తనతో చనువుగా నుండిన తండ్రి ఇప్పుడు ఊరక కసరుకొనుచున్నాడని హ్యారీ మిత్రునితో వాపోవును. కారణ మతనికి తెలియదు.

1971లో అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య, విద్యా, సంక్షేమశాఖవారు మాదకద్రవ్యముల కీడును గూర్చి కథ వ్రాయుమని స్టాన్ లీని కోరిరి. అందుచే 96 మొదలు 98 వరకు గల సంచికలలో హ్యారీ ఆ వ్యసనమునకు లోబడినట్లు చూపబడెను. అట్టి విషయమునకు కామిక్స్ కోడ్ వారు సమ్మతింపనందున, వారి ముద్ర లేకయే ఆ మూడు సంచికలు వెలువడెను. ఆ యేడే వారి నిబంధనలు సడలింపబడెను. కథాంతమున స్పైడర్‌మన్ గాబ్లిన్‌కు ఆస్పత్రిలో పడియున్న హ్యారీని చూపును. ఎవ్వరికిని లొంగని ఆ క్రూరుడు కొడుకు ముఖము చూడలేక మూర్ఛిల్లును.

పశ్చాత్ అనగా తరువాత. తాపము అనగా మంట. చేసిన పనిని జ్ఞప్తియం దుంచుకొని లోలోపల మండుటయే పశ్చాత్తాపము. నార్మనుకో, మూర్ఛతోపాటు గాబ్లిన్ స్మృతియే తొలగిపోయెను. తాను చేసిన కీడు తెలియనివాడు దానిని దిద్దుకొనుట యెట్లు? 1973లో హ్యారీ మరల జబ్బుపడినప్పుడు ఆ స్మృతి తిరిగివచ్చెను. అప్పుడైనను అతడు తన్ను నిందించుకొనక ఇతరులను నిందించెను. పీటరు ప్రియురాలగు గ్వెన్ స్టేసీ మరణమునకు కారకుడై, తుదకు తన వాహనము తనకే తగిలి కూలెను. తండ్రి పగ కొడుకునకు ఆస్తివలె సంక్రమించెను. 1974లో హ్యారీయే గాబ్లిన్ వేషము ధరించెను. అయినను 1993 నాటి కథలో పీటరును రక్షించి ప్రాణము విడిచెను. తండ్రి తీర్పవలసిన ఋణమును కొడుకు తీర్చినట్లాయెను.

మృతుడనుకొన్న నార్మనును కథకులు 1996లో మరల తెచ్చిరి. 2020లో సిన్-ఈటర్ అను పాత్ర అతని పాపములను తొలగించిన పిమ్మటనే అతనికి గతమును తలచి దుఃఖము కలిగెను. 2022లో ఆరంభమైన గోల్డ్ గాబ్లిన్ కథలో అతడు పరులను కాపాడ యత్నించును. మంచిదే; కాని కసరులతో గడచిన కొడుకు యౌవనమును ఎవరు తిరిగి ఈయగలరు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లాయెను.

విద్యార్థులారా, పెద్దల కోపమునకు మీరెరుగని కారణ ముండవచ్చును. వారి పగను మాత్రము మీరు వారసత్వముగా గైకొనకుడు. తలిదండ్రులారా, నిష్కారణముగా కసరుకొన్న దినముననే "పొరపాటు నాది, నాయనా" అని బిడ్డతో చెప్పుట చిన్నతనము కాదు. బిడ్డ రోగశయ్యపై నున్నప్పుడు కార్చు కన్నీటికంటె ఆ మాటకు విలువ యెక్కువ.