నల్ల రేకుల్లో ఎర్ర రేకులు

పేల్చేసిన తూటా తొడుగును ఏరి తెచ్చుకుని, అందులో కొత్త తుపాకి మందు నింపి, కొత్త గుండు బిగించి మళ్లీ వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఇది ఎందరికో ఇష్టమైన వ్యాపకం. వాళ్ల బల్లల మీద తరచుగా కనిపించే మందు డబ్బా ‘రెడ్ డాట్’. మూత తీస్తే బూడిద కలిసిన నలుపులో సన్నటి గుండ్రటి రేకులు, వాటి మధ్య అక్కడక్కడ ఎర్రవి కనిపిస్తాయి. పేరు వచ్చింది ఆ ఎర్ర రేకుల వల్లే.

ఎర్ర రేకుల్లో ప్రత్యేకమైన శక్తి ఏమీ లేదు. మిగతా రేకుల మాదిరిగానే మండుతాయి. నైట్రోసెల్యులోజ్, నైట్రోగ్లిజరిన్ కలిపి చేసిన మందులో కొంత భాగానికి రంగు అద్ది మిగతా దాంట్లో కలుపుతారు. ‘ఇది ఫలానా మందు’ అని కంటికి తెలియడానికే ఆ రంగు. నలుపేమో గ్రాఫైట్ పూత వల్ల వచ్చింది. రేకులు రాసుకుని విద్యుదావేశం పుట్టకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా జారేందుకు ఆ పూత వేస్తారు.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం

రెడ్ డాట్‌ను హెర్క్యులస్ కంపెనీ 1932లో తెచ్చింది. ఆ కంపెనీ పుట్టుకే ఒక విశేషం. తుపాకి మందు వ్యాపారమంతా డూపాంట్ గుప్పిట్లోకి పోయిందని అమెరికా కోర్టు ఆ సంస్థను చీల్చితే, 1912లో వేరుపడిన వాటిలో హెర్క్యులస్ ఒకటి. ఆ తర్వాత 1965లో గ్రీన్ డాట్, 1970లలో బ్లూ డాట్ వచ్చాయి. ఇప్పుడు ఇవన్నీ అలయంట్ పేరుతో అమ్ముడవుతున్నాయి.

రంగుల వరుసే మండే వేగం వరుస. ఈ మూడింటిలో ఎరుపు అన్నిటికన్నా త్వరగా మండుతుంది. గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేలను కొట్టే ట్రాప్ పోటీల్లో వాడే తేలికపాటి షాట్‌గన్ తూటాలకు అది సరిపోతుంది. హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడింది ఈ ట్రాప్‌లోనే. ఆకుపచ్చది కాస్త నెమ్మది. నీలం ఇంకా నెమ్మది, బరువైన మాగ్నమ్ తూటాలకు పనికొస్తుంది.

ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే. నీలం పోయాల్సిన చోట అదే కొలతకు ఎరుపు పోస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తుపాకి చేతిలోనే బద్దలు కావచ్చు. రంగు రేకులున్నాయి కదా, చూసి పోల్చుకోవచ్చు అనుకోవడం పెద్ద పొరపాటు. చెంచాడు మందులో రంగు రేకులు కొద్దిగానే ఉంటాయి. పైగా ఏ రంగూ లేని మందులు ఎన్నో రకాలున్నాయి. అందుకే అనుభవజ్ఞులు బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా ఉంచుతారు, మిగిలిన మందును అదే డబ్బాలో పోసి మూత పెడతారు. చీటీ ఊడిపోయిన డబ్బాలోని మందును, లోపల ఎర్ర రేకులు కనిపించినా సరే, వాడరు. ఈ వ్యాపకంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ క్రమశిక్షణే.

అంకె ఒకటే, మందు వేరు

రంగే కాదు, అంకెనూ నమ్మలేం. ఐఎంఆర్ 4831, హాడ్జ్‌డన్ హెచ్ 4831 అని రెండున్నాయి. వీటిలో రెండోది నెమ్మదిగా మండుతుంది కాబట్టి దాని కొలతను మొదటిదానికి వాడితే ప్రమాదం. హెచ్ 4831 చరిత్ర కూడా వింతే. రెండో ప్రపంచ యుద్ధంలో 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసి మిగిలిపోయిన మందును కాన్సాస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ కొని వేటగాళ్లకు అమ్మాడు.

పాతవాటిలో ఒకటి

నేటికీ దుకాణంలో దొరికే మందుల్లో అతి పాతవాటిలో ‘బుల్స్ ఐ’ ఒకటి. 1898 నుంచి అదే పేరు. పిస్టల్ తూటాకు ఇది గ్రాములో చిన్న భాగం చాలు. ఈ మందులను తూచే గ్రెయిన్ అనే కొలత ఎంత చిన్నదంటే, ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు.

చాలా పెద్ద పలుకు

ఇదే జాతి మందు అమెరికా అయోవా తరగతి యుద్ధనౌకల 16 అంగుళాల ఫిరంగుల్లోనూ ఉండేది. అక్కడ ఒక్కో పలుకు, అంటే మందు ముక్క, రెండు అంగుళాల పొడవు, ఒక అంగుళం మందం, మధ్యలో నిలువునా ఏడు రంధ్రాలు. బయటి నుంచి మండుతూ పలుకు సన్నబడుతున్న కొద్దీ రంధ్రాలు లోపలి నుంచి వెడల్పవుతాయి. దాంతో మండే ఉపరితలం తగ్గకుండా, గుండు గొట్టం దాటేదాకా తోపు నిలుస్తుంది. ఒక్క గుండుకు 110 పౌన్ల సంచులు ఆరు, అంటే సుమారు 300 కిలోల మందు పట్టేది. దీనికి పూర్తిగా ఎదురు ‘ట్రెయిల్ బాస్’. ఆస్ట్రేలియాలో తయారైన ఈ మందు పలుకులు మధ్యలో చిల్లు ఉన్న గారెల్లా ఉంటాయి. కొద్ది బరువుకే తొడుగంతా నిండేలా దాన్ని చేశారు.

ఇంకో ఎరుపు

పైన చెప్పినవన్నీ పొగరాని మందు రకాలే. దాన్ని 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే తయారుచేశాడు. అంతకుముందు వాడిన పాత తుపాకి మందు (బ్లాక్ పౌడర్) మండాక బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలేది, పొగకు ముందున్నది కనిపించేది కాదు. ఆ బాధ తీరింది గానీ, కొత్త మందు నిలవుంటే తనంతట తాను చెడిపోయేది. తూలోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచ్ యుద్ధనౌకలు అలా చెడిన మందు వల్లే పేలి వందలమందిని బలిగొన్నాయి. ఆ తర్వాత డైఫినైల్ ఎమైన్ వంటి పదార్థాలు కలిపి మందు ఆయుష్షు పెంచారు. ఇప్పటికీ డబ్బాలో ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, ఎరుపు గోధుమ రంగు ధూళి కనిపించినా మందు చెడిపోతోందని అర్థం. అలాంటి మందును తూటాలో పోయకూడదు, ఇంట్లో ఉంచకూడదు.

మన దగ్గర

భారత్‌లో ఈ జాతి మందుకు పాత చిరునామా నీలగిరుల్లో కూనూరు దగ్గరి అరువన్‌కాడు. కార్డైట్ అనే పొగరాని మందు చేసే ఫ్యాక్టరీ అక్కడ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మొదలైంది. అమెరికాలో మాదిరిగా ఇంట్లో బల్ల వేసుకుని తూటాలు నింపుకునే స్వేచ్ఛ మాత్రం ఇక్కడ లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.