బుడాపెస్ట్... పన్నెండేళ్ల తర్వాత!

'చూసిన ఊరేగా, మళ్లీ అక్కడికేనా?' అంది మా అత్తయ్య. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఐరోపా వెళ్లే అవకాశం వస్తే ఎవరైనా పారిస్సో రోమో చూడాలనుకుంటారు. మేం మాత్రం 2024 వేసవి సెలవుల్లో మళ్లీ బుడాపెస్ట్ విమానమే ఎక్కాం. 2012లో, పెళ్లయిన కొత్తలో, మావారి ఆఫీసు పని పుణ్యమా అని అక్కడ అయిదు రోజులున్నాం. అందులో మూడు రాత్రులు తెల్లవారేదాకా తిరుగుతూనే ఉన్నాం! ఈసారి మాతోపాటు తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది. అందుకే ఈసారి చూసిన ఊరు వేరు.

విమానాశ్రయంలో దిగగానే కనిపించే పేరు లిస్ట్ ఫెరెన్స్. ప్రపంచమంతా ఫ్రాంజ్ లిస్ట్ అని పిలిచే సంగీతకారుడాయన. హంగేరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. తెలుగువాళ్లకి ఆ ఊరు సగం చుట్టమైపోవడానికి ఇదొక్కటి చాలదూ! అన్నట్టు, మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పుట్టింది కూడా ఈ నగరంలోనే, 1913లో. వాళ్లమ్మ హంగేరీ ఆవిడ.

డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున కొండలూ కోటలతో బుడా, రెండో ఒడ్డున చదునుగా పెస్ట్. పక్కనున్న ఒబుడాతో కలిపి మూడింటినీ 1873లో ఒక్క నగరం చేశారు. బుడా, పెస్ట్‌లను కలుపుతూ 1849లోనే గొలుసు వంతెన కట్టారు. 1945లో జర్మన్ సైన్యం వెనక్కి వెళ్తూ వెళ్తూ దాన్ని పేల్చేస్తే, సరిగ్గా వందేళ్ల పండగకి, అంటే 1949కల్లా, మళ్లీ నిలబెట్టుకున్నారు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు దానిమీద కార్ల హోరు. 2021లో మొదలుపెట్టిన మరమ్మతులు 2023లో పూర్తయ్యాక సొంత కార్లను రానివ్వడం మానేశారు. ఇప్పుడు నింపాదిగా నడవొచ్చు. వంతెన చివర్లలో రాతి సింహాలున్నాయి. వాటికి నాలుకలు చెక్కడం మర్చిపోయాడనీ, ఆ సంగతి ఓ పిల్లాడు పట్టేసుకునేసరికి శిల్పి అవమానంతో నదిలో దూకాడనీ ఓ కథ. కట్టుకథేలెండి. నాలుకలున్నాయి, కింద నుంచి చూస్తే కనిపించవంతే. పాప మాత్రం నాలుగు సింహాల నోళ్లూ తనిఖీ చేస్తేగానీ కదల్లేదు.

ఆ ఒడ్డున బూట్లు

ఈ ఊరిని రాత్రిపూట నది మీద నుంచే చూడాలంటారు. 2012లో మేం చేసిందీ అదే. పడవలో కూర్చుంటే 96 మీటర్ల ఎత్తున పార్లమెంటు భవనం బంగారు పోత పోసినట్టు మెరిసిపోతూ ఎదురొచ్చింది. ఫొటోలు తీసుకున్నాం, చప్పట్లు కొట్టాం. ఆ భవనానికి కాస్త దూరంలో, అదే ఒడ్డున ఏముందో మాకప్పుడు తెలియదు.

ఈసారి పగలు నడుచుకుంటూ వెళ్లాం. నది అంచున ఇనుముతో చేసిన 60 జతల చెప్పులూ బూట్లూ ఉన్నాయి. మగవాళ్లవి, మడమల చెప్పులు, అరిగిపోయినవి... మధ్యలో చిన్నపిల్లలవి. 1944-45 చలికాలంలో నాజీలను బలపరిచే యారో క్రాస్ ముఠా యూదులను ఇక్కడికి తెచ్చి, బూట్లు విప్పించి, నదిలో పడేలా కాల్చి చంపింది. ఆ కరవు రోజుల్లో బూట్లకి విలువ ఉంది మరి! సినిమా దర్శకుడు చాన్ తొగాయ్, శిల్పి గ్యూలా పావర్ కలిసి 2005లో ఈ స్మారకం ఏర్పాటు చేశారు. అంటే మేం పడవలో వెళ్లిన రాత్రి కూడా అవి అక్కడే ఉన్నాయి. పాప ఓ చిన్న బూటు పక్కన తన కాలు పెట్టి చూసుకుంది. నేను ఫొటో తీయలేదు.

బాత్‌టబ్బులో కూర్చుని...

బుడాపెస్ట్ రాత్రులంటే కుర్రకారు చెప్పుకునేది 'రూయిన్ బార్ల' గురించి. పాడుబడిన ఇళ్లలో పెట్టిన బార్లన్నమాట. వీటికి ఆద్యురాలు సింప్లా కెర్ట్. 2002లో మొదలై 2004లో కజింట్సి వీధిలోని పాత పొయ్యిల ఫ్యాక్టరీకి మారింది. పెచ్చులూడిన గోడలు, సగానికి కోసి సోఫాలుగా మార్చిన బాత్‌టబ్బులు, పెరట్లో పైకప్పు తీసేసిన ట్రాబంట్ కారు. అది ఒకప్పటి తూర్పు జర్మనీ బండి. మద్యం ముట్టని మేం కూడా ఓ నిమ్మరసం గ్లాసుతో అర్ధరాత్రి దాకా అక్కడే కూర్చున్నాం. ఆ చుట్టుపక్కల ఓ చిల్లుల గోడకి ఆనుకుని నేను పగలబడి నవ్వుతున్న ఫొటో చాలాకాలం మా హాల్లో ఉండేది.

ఆ పేట 1944లో యూదుల్ని బంధించిన గెట్టో అని తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను. చుట్టూ కంచె వేసి, ఆ కొద్దిపాటి వీధుల్లో దాదాపు 70 వేలమందిని కుక్కారు. 1945 జనవరి 18న సోవియట్ సైనికులు వచ్చేలోపు ఆకలికీ చలికీ జబ్బులకీ వేలమంది పోయారు. ఐరోపాలోకెల్లా పెద్దదైన దొహాన్ వీధి యూదు ప్రార్థనాలయం ఆవరణలోనే రెండు వేలమందికి పైగా ఖననమయ్యారు. యుద్ధం తర్వాత ఎందరో దేశం వదిలిపోయారు. ఇళ్లు సర్కారు చేతికొచ్చాయి. దశాబ్దాలపాటు సున్నం కొట్టినవాళ్లు లేరు. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఆ ఇళ్లనే కుర్రాళ్లు చవగ్గా అద్దెకు తీసుకుని, చెత్తలో దొరికిన సామానుతో బార్లు పెట్టారు. అలాగని వాళ్లను తప్పుపట్టలేం. అవి రాకపోతే ఆ ఇళ్లలో చాలావాటికి బుల్డోజరే గతి.

ఇబ్బందల్లా అక్కడే కాపురముంటున్నవాళ్లకి. ఈసారి మేం ఆ పేటలోనే గది తీసుకున్నాం. మధ్యలో పెరడు, చుట్టూ నాలుగంతస్తుల వరండాలు... మన మండువా ఇంటినే పైకి సాగదీసినట్టు ఉంటుంది. మెట్ల దగ్గర 'ఇక్కడ మనుషులు నిద్రపోతారు' అని ఇంగ్లిషులో కాగితం అంటించారు. రాత్రి రెండింటికి కూడా కిటికీ కింద పాటలే! మూడో రోజుకి మావారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. పన్నెండేళ్ల కిందట ఆ కిటికీ కింద పాడినవాళ్లలో మేమూ ఉన్నాం. అర్ధరాత్రి దాటాక బార్లు మూసేయాలా వద్దా అని 2018 ఫిబ్రవరిలో ఆ పేట జనాన్ని ఓటు అడిగారు. తగినంతమంది రాకపోవడంతో అది చెల్లలేదు.

ఆదివారం సంత

నేలకిందికి దిగితే 1896 నాటి మెట్రో. ఐరోపా ప్రధాన భూభాగంలో అదే మొదటిది. బొమ్మరైలు లాంటి ఆ పసుపు పెట్టెల్లో సిటీ పార్కుకెళ్లాం. తండ్రీకూతుళ్లు పార్కులో ఆడుకుంటుంటే నేను 1913లో తెరిచిన సేచెన్యి వేడినీటి స్నానఘట్టంలో రెండు గంటలున్నాను. పీకల్లోతు వేడినీళ్లలో నిలబడి తాతలు చదరంగం ఆడుతుంటే కాలమే తెలీదు. బయటికొచ్చాక లాంగోష్. మన పూరీని పళ్లెమంత చేసి, పైన పుల్లటి మీగడ, చీజు వేస్తారు. శాకాహారులకి అదే పెన్నిధి.

చివరిరోజు ఆదివారం. ఆ రోజు పొద్దున్న సింప్లా కెర్ట్‌లో రైతుల సంత జరుగుతుంది. రాత్రి డ్యాన్సులాడినచోట తేనె సీసాలు, జున్నుముక్కలు, మిరపపొడి పొట్లాలు. మా మేడ మీద వరండాలో రోజూ కనిపించే బామ్మ కూడా చక్రాల సంచీతో వచ్చి ఉల్లిపాయలు బేరం చేస్తోంది. పాప ట్రాబంట్‌లో ఎక్కి స్టీరింగ్ తిప్పుతోంది. 'ఇక్కడ డ్యాన్స్ చేయొచ్చా మమ్మీ?' అంది. బూట్ల దగ్గర చెప్పినదంతా గుర్తుందని నాకర్థమైంది. ఏం చెప్పాలో తోచక వాళ్ల నాన్న వైపు చూశాను. ఆయన మిరపపొడి పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని 'గుంటూరుదంత ఘాటు లేదు' అంటున్నారు. ఈలోపు ఓ మూల ఎవరో అకార్డియన్ అందుకున్నారు. పాప కారు దిగి అటు పరిగెత్తింది.