ధర చెప్పడానికి నోరు రావాలి

"ఎంత తీసుకుంటారండీ?"

ఈ చిన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టిందంటే మీరు నమ్ముతారా? పని వచ్చు, చేస్తానన్న నమ్మకమూ ఉంది. కానీ డబ్బు మాట వచ్చేసరికి "మీకు తోచింది ఇవ్వండి" అనేసేదాన్ని. అవతలివాళ్లకు తోచేది ఎప్పుడూ తక్కువేనని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మాది నెక్కొండ. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో వరంగల్ దాటాక వస్తుంది. పెళ్లయి వచ్చాక ఇక్కడే ఒక డీటీపీ సెంటర్లో తెలుగు టైపింగ్ చేసేదాన్ని. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, దశదిన కర్మ కార్డులు... ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉండేది. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, వాటి వెనకే సెంటరూ మూతపడింది. పాత కంప్యూటర్ ఒకటి తక్కువ ధరకు కొని ఇంటికి తెచ్చుకున్నాను. చేతిలో పనితనం ఉంది. పని ఇచ్చేవాళ్లే లేరు.

"ఫేస్‌బుక్‌ల పెట్టు అత్తా, అందరు గట్లనే చేస్తున్నరు" అంది మా ఆడబిడ్డ కూతురు.

లైకులు వచ్చాయి, పని రాలేదు

"తెలుగు టైపింగ్ చేయబడును. ధర తక్కువ" అని పెట్టాను. సాయంత్రానికి ముప్ఫై లైకులు. చుట్టాలందరూ "ఆల్ ది బెస్ట్" అన్నారు. నెల గడిచినా ఒక్క పేజీ రాలేదు. నేను చేసిన పొరపాటు ఏమిటో తర్వాత అర్థమైంది. నా పోస్టు చూసినవాళ్లలో టైపింగ్ అవసరమున్నవాళ్లు లేరు. ఆ అవసరం ఉన్నవాళ్లు ఇంకెక్కడో కూర్చుని తమ బాధలు చెప్పుకుంటున్నారు.

ఆ చోటు వెతుక్కుంటూ తెలుగు పుస్తకాల గురించి మాట్లాడుకునే గ్రూపుల్లో చేరాను. కొన్నాళ్లు ఊరికే చదివాను. ఒకరోజు ఒక పెద్దాయన ఇలా రాశారు: "పదిహేనేళ్ల కిందట డీటీపీ చేయించిన నా కథల ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. మళ్లీ టైప్ చేయించుకోవాలా?"

అది చూడగానే నవ్వొచ్చింది. ఆ పిచ్చి అక్షరాలతో ఎన్నేళ్లు కాపురం చేశాను కనుక! మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడింది అను ఫాంట్లు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చి చేసిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లిష్ గుర్తులు మిగులుతాయి. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. మనం ఫోన్లో కొట్టే తెలుగంతా యూనికోడే. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నిమిషాల్లో మార్చేస్తాయి. చిక్కల్లా ఆ తర్వాతే. వత్తులు పక్కకు జరుగుతాయి, జంట వత్తులున్న 'రాష్ట్ర'లాంటి మాటలు చెదురుతాయి, అంకెలు ఇంకేవో గుర్తులవుతాయి. కంటితో చూసి, చేత్తో దిద్దాల్సిందే.

ఈ సంగతి నాలుగు వాక్యాల్లో రాసి, "ఒక పేజీ పంపండి, చేసి చూపిస్తాను" అన్నాను. పంపారు, చేశాను. ఆయన అనుమతితోనే మార్చక ముందు, మార్చిన తర్వాత ఎలా ఉందో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను. ఆ వారంలోనే ముగ్గురు మెసేజ్ చేశారు. అంతకుముందు నెలంతా నా ప్రకటన చేయలేని పని ఆ ఒక్క పేజీ చేసింది.

మా పక్కింటి వదిన మగ్గం వర్క్ చేస్తుంది. రోజూ పూర్తయిన జాకెట్ల ఫొటోలే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది. "వదినా, మధ్యలో ఉన్న పని కూడా చూపించు, ఎన్ని గంటలు పట్టిందో రాయి" అన్నాను. ఇప్పుడు తనతో బేరమాడేవాళ్లు తగ్గారట. పడ్డ కష్టం కనబడితే ధరకు అర్థం తెలుస్తుంది.

నూట ఎనభై పేజీల పాఠం

పని వస్తోంది కదా అని సంబరపడుతుండగా ఒకరు 180 పేజీల పుస్తకం పంపారు. మాట మర్యాదగా ఉంది. "పుస్తకం అచ్చయ్యాక మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాం" అన్నారు. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లు కూర్చుని మూడు వారాల్లో ముగించి ఫైలు పంపాను. "చాలా బాగా చేశారు" అని జవాబు వచ్చింది. పైసలు మాత్రం రాలేదు. రెండుసార్లు గుర్తుచేశాక నా నంబరు బ్లాక్ చేశారు.

ఏడ్చానని చెప్పడానికి సిగ్గుపడను. డబ్బు కంటే రాత్రిళ్ల నిద్ర గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మా అత్తమ్మ కాసేపు చూసి ఇలా అంది: "బజార్ల కూరగాయలమ్మే ముసల్ది సుత పైసలు చేతుల వడ్డంకనే సంచిల పోస్తది. నువ్వు సదువుకున్నదానివి గదా బిడ్డా!"

ఆ రాత్రి నోటుబుక్కు తీసి లెక్క వేశాను. అప్పటికి పేజీకి 10 రూపాయలు తీసుకుంటున్నాను. 60 పేజీలు దిద్దడానికి 15 గంటలు పడుతోంది. అంటే గంటకు 40 రూపాయలు. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు అందులోంచే పోవాలి. ఇంత తక్కువని లెక్క వేసేదాకా నాకే తెలియదు. మన వంటకు లెక్క లేదు, చాకిరికి లెక్క లేదు. అదే అలవాటుతో ఈ పనికీ లెక్క కట్టుకోలేదన్నమాట.

ఇప్పుడు నా పద్ధతి

పేజీకి 25 రూపాయలని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించుకున్నాను. ఎవరడిగినా దాన్ని చూసి చెప్తాను. మొదట్లో గొంతు వణికేది. ఇద్దరు వెళ్లిపోయారు, నలుగురు ఉండిపోయారు.

నమూనాగా ఒక పేజీ ఉచితం, రెండోది కాదు. సగం సొమ్ము ముందు అందాకే మొదలుపెడతాను. ఎన్ని పేజీలు, ఎప్పటికి, ఎంత, ఎన్నిసార్లు దిద్దిపెట్టాలి అన్నవి మెసేజ్‌లో రాసి "సరే" అనిపించుకుంటాను. మిగతా సొమ్ము వచ్చాకే పూర్తి ఫైలు పంపుతాను. అప్పటిదాకా చూడటానికి పేజీల బొమ్మలు మాత్రమే.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ను వేరే సిమ్ మీద పెట్టుకున్నాను. అందులోని కేటలాగ్‌లో పనుల నమూనాలు, ధరలు ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఎవరు మెసేజ్ చేసినా "రేపు ఉదయం జవాబిస్తాను" అని దానంతటదే చెప్తుంది. డాలస్‌లో ఉండే ఒక కుటుంబం పెళ్లి పత్రిక చేయించుకున్నప్పుడు మాత్రం ఆ నియమం సడలించాను. మనకు రాత్రి తొమ్మిదయితే, వేసవిలో వాళ్లకు ఉదయం పదిన్నర! సొమ్మును హనుమకొండలో ఉన్న వాళ్ల నాన్నగారు ఫోన్‌లో పంపేశారు. గిడుగు, గురజాడ, సురవరం, మండలి లాంటి పేర్లతో ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు అలాంటి పత్రికలకు బాగా పనికొస్తాయి.

ఇంకో సంగతి. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమల కోసం 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్లో రుసుము లేకుండా చేసుకోవచ్చు. ఆధార్, పాన్ కావాలి. దగ్గరుండి చేయిస్తామని వందలు అడిగేవాళ్లను నమ్మకండి. ఇలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారులు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తోంది.

అర్ధరాత్రి పలకరింపులు

పని కోసం నంబరు పెడితే పనిలేనివాళ్లూ వస్తారు. "తిన్నారా?", "ఫొటో పెట్టలేదేం?" అంటూ మొదలెడతారు. నా ప్రొఫైల్‌లో నా ముఖం ఉండదు, నేను దిద్దిన పేజీ ఉంటుంది. ఇలాంటి మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, జవాబివ్వకుండా బ్లాక్ చేస్తాను. మా ఆయనకూ చూపిస్తాను. దాచుకుంటే భయం మనదవుతుంది. హద్దు మీరితే మన రాష్ట్రంలో షీ టీమ్స్ ఉన్నాయి.

"అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు ఒకడు. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఇది గుర్తుంటే సగం మోసాలు మన గడప దాటి రావు. పొరపాటున పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఫోన్లో మాట్లాడితే తెలుగు టైపవుతోంది. ఉత్త టైపింగ్ పనులు తగ్గాయి కూడా. కానీ ఆ యంత్రం రాసిన 'కలం' కాలమా, 'పలక' పాలకా అని చూసి దిద్దేవాళ్లు కావాలి. నా పని మెల్లగా అటు జరుగుతోంది. నెలనెలా ఒకేలా రాదు. ఒక నెల తీరిక ఉండదు, మరో నెల ఫోను మోగదు. అందుకే నిండుగా ఉన్న నెలలో కొంత తీసి పోస్టాఫీసులో వేస్తున్నాను.

మొన్న ఒకావిడ ఫోన్ చేసి "ఎంత తీసుకుంటారండీ?" అన్నారు. కాగితం వైపు చూడకుండానే చెప్పాను. పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తమ్మ "అడ్వాన్సు అడగలె?" అంది.

మీ చేతిలో ఉన్నది కుట్టు కావచ్చు, మెహందీ కావచ్చు, ట్యూషన్ కావచ్చు. పేజీ తెరవడానికి ముందు ఒక కాగితం తీసుకోండి. మీ పనికి ఎన్ని గంటలు పడుతుందో, ఎంత కావాలో రాసుకోండి. దాన్ని నలుగురు వినేలా ఒకసారి చదవండి. మొదటిసారి నోరు తడబడుతుంది, ఫర్వాలేదు. నాకూ తడబడింది.