బొమ్మలొచ్చినయ్, పేర్లు రాలా

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, 2020 జూన్ 29 రాత్రి గుర్తుందా? టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను కేంద్రం నిషేధించిన రాత్రి. మిరప కోతల కాడ, పత్తి చేలల్లో మనోళ్లు చేసిన వీడియోలు ఎన్ని పొయినయ్యో. ఫోన్లో కాపీ పెట్టుకున్నోళ్లకి మిగిలినయ్. యాప్‌లో ఉన్నాయిలే అనుకున్నోళ్లు నోరెళ్లబెట్టారు. నేను మాత్రం, సిగ్గిడిచి చెప్తన్నా, నవ్వా. డాన్సులేగా, పోతే పొయినయ్ అన్నా. నిరుడు అట్టాంటి పనే నా నెత్తిన పడ్డాక గానీ తెలవలా.

మా కనిగిరిలో ఒక చిన్న కేబుల్ ఛానెల్ కంపెనీ ఉంది. పేరెందుకులే. ఇరవై ఏళ్ల పైబడి పెళ్లిళ్లు, తిరణాళ్లు, ఎన్నికల మీటింగులు, ధర్నాలు తీసింది. ధర్నాల్లో నేనూ ఉండేవాణ్ణి కాబట్టి, కెమెరా మనిషి టీకి పోతే కెమెరా నా భుజానికొచ్చేది. వీడియో నేర్చుకుంది అట్టనే, ఏ కాలేజీలోనూ కాదు. ఓనర్ని బాబాయ్ అంటా. ఆయన కొడుకు పాత సరుకంతా కొత్త సిస్టమ్‌లోకి ఎక్కిద్దామన్నాడు. ఒక సర్వరు, దాంట్లో ఒక సాఫ్ట్‌వేరు, పేరు కొడితే బొమ్మ దొరకాల. "నువ్వూ రా అబ్బాయా, సగం నువ్వు తీసినయ్యేగా" అన్నాడు బాబాయ్.

బీరువా తెరిస్తే మినీ డీవీ టేపులు, వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, సీడీలు, ఐదారు హార్డ్‌డిస్కులు. ఒక డిస్కు మీద "ఫైనల్" అని రాసుంది, ఇంకోదాని మీద "ఫైనల్ కొత్తది". రెండిట్లో ఏది నిజంగా ఫైనలో బాబాయికే తెలవదు.

సిటీ నుంచి ఒక కంపెనీ వాళ్లొచ్చి టెరాబైట్‌కి ఇంతని రేటు చెప్పారు, వడ్లు బస్తాల లెక్కన కొన్నట్టు. "మరి టేపు అట్టల మీద రాసున్న పేర్లు, తేదీలు?" అని అడిగా. "అయ్యి మా పనిలోకి రావు సార్" అన్నారు. నాకు ఆడ కాలింది. పేరు లేని బొమ్మ ఎవరికి అక్కర? అంతా కలిసి మేమే చేసుకుందామని కూర్చున్నాం.

ముందు టేపులు. గంట టేపు కంప్యూటర్లోకి ఎక్కాలంటే గంట పడుద్ది, ఇంకో దోవ లేదు. దగ్గర దగ్గర 13 జీబీ అవుద్ది. బూజు పట్టిన టేపుని ప్లేయర్లో పెట్టబాకండి. బూజు హెడ్డుకంటుకుని తర్వాత పెట్టే మంచి టేపుల్ని కూడా చెడగొడుద్ది. అట్టాంటియ్యి పక్కన పెట్టి తెలిసినోళ్ల చేత శుభ్రం చేయించాల.

తర్వాత ఫొటోలు. ఈడ పెద్ద దెబ్బ తగిలేదే. కెమెరా ప్రతి ఫొటోకి నాలుగంకెల నంబరేస్తది. 9999 దాటితే మళ్లీ 0001 నుంచి మొదలు. అంటే 2009 నాటి తిరణాల ఫొటోకీ, 2014 ఎన్నికల ఫొటోకీ ఒకటే పేరుండొచ్చు. మా ఆపరేటరు కుర్రోడు అన్ని డిస్కులూ ఒకే ఫోల్డర్లోకి లాగుతుంటే కంప్యూటరు అడిగింది, ఇదే పేరుతో ఒకటుంది, మార్చమంటారా అని. వాడు "అన్నిటికీ సరే" కొట్టాడు. ఒకదాని మీద ఒకటి పడి పాతయ్యి మాయం. పాత డిస్కులు ఇంకా ఫార్మాట్ కొట్టలేదు కాబట్టి బతికిపొయ్యాం. ఆ రోజు బాబాయ్ కొడుకు ఆ డిస్కుల్ని అమ్మకానికి పెట్టబోయాడు కూడా. కొత్తదాంట్లో ప్రతి ఫైలూ తెరిచి, లెక్క సరిపోయిందాకా పాతదాన్ని ముట్టుకోవద్దని అప్పటినుంచి గోడ మీద రాసి పెట్టాం.

పెద్ద కంపెనీలకి ఇట్టాంటియ్యి జరగవనుకోబాకండి. మైస్పేస్ అని, ఫేస్‌బుక్ కన్నా ముందు ప్రపంచాన్ని ఊపేసిన సైటు. సర్వర్లు మార్చేటప్పుడు పొరపాటు జరిగి, ఏళ్ల తరబడి జనం ఎక్కించిన పాటలు, ఫొటోలు, వీడియోలు పొయినయ్యని 2019 మార్చిలో లోకానికి తెలిసింది. పాటలే 5 కోట్ల పైన అని వార్తలొచ్చినయ్. అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి తిరిగి దొరికినయ్ 4 లక్షల 90 వేలు. అయ్యి కూడా ఎవరో పరిశోధకులు తమ పనికోసం ముందే కాపీ తీసి పెట్టుకోబట్టి.

మన తెలుగోళ్ల కథ ఇంకా పాతది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇయ్యాల చూద్దామన్నా దొరకదు. 2003 జనవరిలో పూణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో మంటలు లేచి పాత నైట్రేట్ రీళ్లు కాలిపొయినయ్. బుద్ధొచ్చిన తర్వాతే పని మొదలైంది. 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు సినిమా రీళ్లు ఎట్టా కాపాడాలో వారం రోజులు శిక్షణిచ్చారు. సినిమా వాళ్లకి స్టూడియోలున్నయ్, డబ్బుంది. మన ధర్నాల వీడియోలకి ఎవరున్నారు?

కాపీ సరిగ్గా అయిందో లేదో తెలుసుకోడానికి ఒక ఉపాయం ఉంది, ఇది మీకందరికీ పనికొస్తది. ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి నంబరు తీయొచ్చు, దాన్ని హ్యాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ 256 అనే పద్ధతిలో తీస్తే 64 అక్షరాలొస్తయ్. ఫైల్లో ఒక చుక్క మారినా మొత్తం నంబరే మారిపోద్ది. పాత డిస్కులో ఒకసారి, కొత్త సర్వర్లో ఒకసారి తీసి రెండూ ఒకటైతే కాపీ సరిగ్గా అయినట్టు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండు ఉంటది, పైసా ఖర్చు లేదు.

ఇది చాదస్తం అనుకుంటారేమో. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ పొయ్యి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. దాంట్లో 63వ సెక్షన్ కింద వీడియోని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాల, ఆ సర్టిఫికెట్లో హ్యాష్ నంబరు రాయాల. పాత చట్టంలోనూ 65బి సర్టిఫికెట్ ఉండేది. అసలు పరికరాన్నే తెచ్చి చూపిస్తే తప్ప అది తప్పనిసరని 2020 జూలైలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇసుక లారీని వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పితే పనైపోయిందనుకునే తమ్ముళ్లు ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. మామూలుగా ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేస్తది, ఎప్పుడు యాడ తీశారనే వివరం లోపలుంటే దాన్ని తీసేస్తది. డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలు మీ ఫోన్లో ఉంచండి.

ఇంక పేర్ల కథ. బాబాయ్ అప్పట్లో టేపుల జాబితా మొత్తం డీటీపీ సెంటర్లో టైపు చేయించి పెట్టాడు. సంబరపడ్డాం. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే తెలుగే లేదు, ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. అది అను ఫాంటు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మ గీసి ఉంటది. ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు కనబడుద్ది, లేనిదాంట్లో చెత్త. యూనికోడ్‌లో ఏ అక్షరానికి దాని సొంత నంబరు ఉంది కాబట్టే మీ ఫోన్లో ఇది చదవగలుగుతున్నారు. అనులోంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నయ్, అయినా వత్తుల కాడ తడబడతయ్. కూర్చుని కంటితో చూసి దిద్దాల్సిందే.

ఊళ్ల పేర్లదీ అదే తంటా. ఒకడు హనుమంతునిపాడు అని రాస్తే ఇంకొకడు హెచ్.ఎం.పాడు. చంద్రశేఖరపురం అంటే సి.ఎస్.పురం, పెదచెర్లోపల్లి అంటే పి.సి.పల్లి. ఒకటి కొడితే రెండోది రాదు. బాబాయ్ వాళ్ల నాన్న తీయించిన పాత ఫొటో వెనక "కనిగిరి, నెల్లూరు జిల్లా" అని ఉంది. కుర్రోళ్లు తప్పురా అని నవ్వారు. తప్పు కాదు, 1970లో కొత్త జిల్లా పుట్టిందాకా మేం నెల్లూరోళ్లమే. 2022లో కందుకూరు నెల్లూరుకి పొయింది. ఊరు ఉన్న చోటే ఉంటది, జిల్లా పేరు మారతానే ఉంటది. అందుకని వెనక రాసిన మాట ఉన్నదున్నట్టు ఒక గడిలో, ఇప్పటి పేరు ఇంకో గడిలో పెట్టాం.

అప్పుడు దొరికింది ఆ టేపు. ఒక నడివయసు అమ్మ. మోకాళ్లు వంగిపొయ్యి, గోడ పట్టుకుని లేస్తంది. మా పడమటి పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు ఏం చేసినయ్యో మీకు వేరే చెప్పక్కర్లా. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగను పనికిరావని ప్రమాణం ఉంది, మనోళ్లు అంతకు మించి తాగారు. మూడు నిమిషాల వీడియో, ఆమె నీళ్ల గురించి మాట్లాడతంది. నా గొంతు కూడా వినబడతంది, "పేరేందమ్మా" అని అడగలా నేను. ఊరు చెప్పలా. టేపు అట్ట లేదు. కెమెరా గడియారం బ్యాటరీ అయిపొయిందేమో, తేదీ 2000 జనవరి 1 అని చూపిస్తంది. ఆ కాలంలో మేం వెలిగండ్ల, పామూరు, పి.సి.పల్లి అన్నీ తిరిగాం. బొమ్మ ఎంత శుభ్రంగా సర్వర్లోకి వచ్చినా, ఎవరి బాధో ఎప్పటిదో చెప్పలేకపోతే రేపు నీళ్ల కోసం వేసే అర్జీకి అది ఆధారంగా నిలబడదు.

ఇంకో సంగతి. ఆమె ఆ రోజు మాతో మాట్లాడింది ధర్నా కోసం. నెట్‌లో అందరూ చూసేటట్టు పెడతామని మేం చెప్పలా, ఆమె ఒప్పుకోలా. బాబాయ్ కొడుకు "అన్నా, ఇది పెడితే బాగా చూస్తారు" అన్నాడు. చూస్తారు, నిజమే. వద్దన్నా. సిస్టమ్‌లో "అనుమతి" అని ఒక గడి కొత్తగా పెట్టించా. ఆ గడి ఖాళీగా ఉన్న వీడియో లోపలే ఉంటది, బయటికి పోదు. దీని మీద మా ఇద్దరికీ ఇంకా వాదన నడస్తానే ఉంది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం బాబాయిని, పాత కెమెరా అన్నని కూర్చోబెట్టి బొమ్మలేస్తన్నాం. "వీడు ఫలానా వాళ్ల అల్లుడు, ఇది గుడి వెనక సందు" అని వాళ్లు చెప్తంటే కుర్రోళ్లు టైపు చేస్తన్నారు. బాబాయికి చూపు తగ్గతంది, తొందరగా కానియ్యాల.

ఆ అమ్మ మొహం మీకు చూపించను. వెనకున్నయ్ చెప్తా. వంకర వేపచెట్టు, దాని మొదట్లో నీలం రంగు కొట్టిన చేతిపంపు, పక్కన సగం కట్టి వదిలేసిన రాతి గోడ, గోడ మీద సున్నంతో రాసిన 7 అంకె. మన ఆరు మండలాల్లో మీ ఊళ్లో ఇట్టాంటి చోటుంటే, ముందు మీ నాయనమ్మని అడగండి, తర్వాత నాకు చెప్పండి.