గిరిశిఖర గ్రామాలకు రహదారి – జనాభా కొలమానం, కొండ వాస్తవం

తూర్పు కనుమలలో సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున విస్తరించి ఉన్న పాడేరు మన్యంలో వందలాది గిరిజన ఆవాసాలు కొండవాలుల పైన, శిఖరాల అంచున నెలకొని ఉన్నాయి. వాడుకలో వీటిని గిరిశిఖర గ్రామాలుగా వ్యవహరిస్తున్నారు. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని 11 ఏజెన్సీ మండలాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరగా, పాడేరు ఆ జిల్లాకు కేంద్రమైంది. పరిపాలన చేరువైనప్పటికీ, పలు శిఖరాగ్ర ఆవాసాలకు వాహనం చేరే దారి లేకపోవడం నేటికీ ప్రధాన సమస్యగానే ఉంది. అక్కడి జీవన స్థితిగతులకు, రహదారుల మంజూరు నిబంధనలకు మధ్య ఉన్న సంబంధాన్ని గ్రహిస్తే తప్ప ఈ సమస్య అర్థం కాదు.

ఆవాసాలు చిన్నవి కావడానికి కారణం

కోందు, పోర్జ, గదబ, కొండదొర, భగత, కోటియ, నూకదొర తదితర తెగల ప్రజలు ఈ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్నారు. వీరిలో కోందు, పోర్జ, గదబ తెగలకు చెందిన కొన్ని శాఖలను ప్రభుత్వం విశేష దుర్బల గిరిజన సమూహాలుగా గుర్తించింది.

వేసవిలో సైతం ఇంకిపోని ఊట, సాగుకు అనువైన వాలు, పశువులకు మేత లభించే చోట ఊరు వెలుస్తుంది. ఒక ఊట కొద్ది కుటుంబాల అవసరాలను మాత్రమే తీర్చగలదు. పోడు సాగుకు ఒక్కొక్క కుటుంబానికి ఎక్కువ విస్తీర్ణం కావాలి. జనం పెరిగినప్పుడు కొన్ని కుటుంబాలు పక్క కొండకు తరలి కొత్త ఊరు కట్టుకుంటాయి. అందువల్ల కొద్దిపాటి గడపలతోనే ఊళ్లు నిలిచిపోతున్నాయి. ఆ నేల, ఆ నీరు భరించగలిగిన మేరకే ఊరి పరిమాణం ఉంటుంది.

పంట ఉన్నా ధర దక్కని స్థితి

రాగులు, సామలు, వలిసెలు, రాజ్‌మా, పసుపు, అల్లం ఇక్కడి ప్రధాన పంటలు. సిల్వర్‌ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు గిరిజన రైతులకు నగదు ఆదాయం సమకూరుస్తున్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే కాఫీ పండ్లను కోసిన రోజే పల్పింగ్ చేయాలి. ఆలస్యమైతే పండు పులిసి నాణ్యత దెబ్బతింటుంది. ఒక కిలో శుద్ధమైన గింజకు సుమారు ఆరు కిలోల పండ్లు అవసరం. దారి లేని ఊరి రైతు ఆ బరువునంతటినీ కావడిపైనో, తలపైనో కిందికి దించాలి, లేదా అందిన ధరకు ఊళ్లోనే అమ్ముకోవాలి. వారపు సంతలోనూ ఇదే పరిస్థితి. మోసుకు వచ్చిన పసుపును, అల్లాన్ని రైతు తిరిగి కొండపైకి మోసుకు వెళ్లలేడని వర్తకునికి తెలుసు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తూ, డిపోల ద్వారా నిత్యావసర సరుకులు అందిస్తున్నది. ఆ డిపోకు చేరడానికి సైతం శిఖర గ్రామాల వారు కొండ దిగవలసి ఉంటుంది.

డోలీ మోత

దారి లేని లోటు ప్రాణం మీదకు వచ్చేది అనారోగ్య సమయంలో. రోగిని, నిండు గర్భిణిని దుప్పటిలో పడుకోబెట్టి, ఆ దుప్పటిని గట్టి కర్రకు కట్టి, ఇద్దరు చొప్పున భుజాలు మార్చుకుంటూ మోసుకు వచ్చే పద్ధతినే డోలీ అంటారు. వర్షాకాలంలో గెడ్డలు పొంగితే ఆ మోత కూడా ఆగిపోతుంది. మలేరియా వంటి జ్వరాలు ప్రబలేది సరిగ్గా ఆ కాలంలోనే. ప్రసవానంతర రక్తస్రావం గంటల వ్యవధిలో ప్రాణాంతకం కాగలదు కనుక కాలిబాటలో గడిచే ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది.

2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 సేవలు ప్రారంభమయ్యాయి. పెద్ద వాహనం వెళ్లలేని చోట్లకు 2018లో ద్విచక్ర వాహన ఫీడర్ అంబులెన్సులను ప్రవేశపెట్టడం జరిగింది. ప్రసవ తేదీకి ముందుగానే గర్భిణులను ఆసుపత్రికి దగ్గరగా ఉన్న వసతి గృహాలకు చేర్చే పద్ధతి కూడా ఏజెన్సీలో అమలులోకి వచ్చింది. ఇవి మేలు చేసే చర్యలే అయినా, ఇంట్లో పిల్లలను, పశువులను విడిచి వారాల తరబడి వేరొక చోట ఉండడం గిరిజన మహిళకు తేలిక కాదు.

నీరు, బడి, భవనం

ఎగువనున్న ఊట నుండి గొట్టాల ద్వారా నీటిని దించే గ్రావిటీ పథకాలకు విద్యుత్తు అవసరం లేదు. శిఖర గ్రామాలకు ఇవి ఎంతో అనువైనవి. గొట్టం పగిలినా, ఊట వద్ద పూడిక చేరినా మరమ్మతుకు మనిషి, సామగ్రి నడిచే రావాలి. చదువు విషయంలో, 2004లో కువి, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించడం చెప్పుకోదగిన ముందడుగు. అంగన్‌వాడీ, పాఠశాల భవనాలకు ఇసుక, సిమెంటు తలమోతతో చేరవలసి రావడం వల్ల వ్యయం పెరుగుతుంది. గుత్తేదారులు ముందుకు రావడానికి జంకుతారు.

నిబంధనల తీరు

2000 డిసెంబర్ 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాలలో 500, ఐదవ షెడ్యూలు ప్రాంతాలలో 250 జనాభా గల ఆవాసాలను అర్హమైనవిగా నిర్ణయించింది. ఆ సడలింపు తరువాత కూడా ఇరవై, ముప్పై గడపల ఊళ్లు జాబితాకు అందలేదు. 2023 నవంబర్ 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం విశేష దుర్బల గిరిజన సమూహాల ఆవాసాలకు ఈ పరిమితిని 100కు తగ్గించింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం నుండి రాష్ట్ర ప్రభుత్వం ‘అడవి తల్లి బాట’ కార్యక్రమానికి శ్రీకారం చుట్టింది. ఇందులో 1,005 కోట్ల రూపాయల అంచనాతో 625 గిరిజన ఆవాసాలకు రహదారులు ప్రతిపాదించడం జరిగింది.

1996 నాటి పీసా చట్టం ప్రకారం ఒక ఆవాసాన్ని కూడా గ్రామంగా పరిగణించవచ్చు, దానికి సొంత గ్రామసభ ఉండవచ్చు. చట్టం ఆ ఊరి సముదాయాన్ని చూస్తుండగా పథకం తలల సంఖ్యను చూస్తున్నది. ఈ వ్యత్యాసమే చాలా ఊళ్లను చివరి వరుసలో నిలిపింది.

అటవీ భూమి మరొక చిక్కు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం రహదారి, బడి, అంగన్‌వాడీ, తాగునీరు సహా 13 రకాల సదుపాయాలకు గ్రామసభ సిఫారసుతో అటవీ భూమిని వినియోగించవచ్చు. ఒక్కొక్క సదుపాయానికి హెక్టారుకు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నరికివేత అన్నవి షరతులు. ఆరు మీటర్ల వెడల్పుతో లెక్కిస్తే ఈ పరిమితిలో సుమారు 1.6 కిలోమీటర్ల బాట మాత్రమే సాధ్యమవుతుంది. అంతకు మించిన దూరానికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి పొందాలి. గ్రామసభ తీర్మానం, ఉమ్మడి సర్వే ముందే పూర్తయితే నిధులు మంజూరైన తరువాత జరిగే జాప్యాన్ని తగ్గించవచ్చు.

చరిత్ర చెప్పే పాఠం

ఈ మన్యంలో రహదారికి చేదు జ్ఞాపకం కూడా ఉంది. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనులలో గిరిజనులచే చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం 1922 మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటి. నాడు పైవారి అవసరానికి వేసిన రోడ్డుకు, నేడు ఊరివారు గ్రామసభలో కోరుతున్న రోడ్డుకు ఎంతో అంతరం ఉంది. ఏ వాలున బాట నిలుస్తుందో, ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో స్థానికులకు తెలిసినంతగా పటంలో కనిపించదు. కనుక మార్గ నిర్ణయంలో వారి మాటకు విలువ ఉండాలి.

కొండ రోడ్డుకు మురుగు కాలువలు, కల్వర్టులు, రక్షణ గోడలు లేకుంటే కొద్ది వర్షాకాలాలకే కోతకు గురవుతుంది. నిర్మాణంతో పాటు నిర్వహణకు నిధులు కేటాయించడం అందుకే ముఖ్యం. ఒక ఆవాసాన్ని రహదారి గల గ్రామంగా నమోదు చేసే ముందు, ఆగస్టు నెలలో అంబులెన్సు ఆ ఊరికి చేరగలుగుతున్నదా లేదా అని పరిశీలించడం ఉచితమైన కొలమానం కాగలదు.