కంటికి చెక్క, కాలికి రాయి

టేకులా, ఓక్‌లా కనిపించే టైల్‌లో చెక్క ఇసుమంతైనా ఉండదు. ఉన్నదల్లా బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. ఫెల్డ్‌స్పార్ మనకు కొత్త రాయి కాదు. గూడూరు వైపు అభ్రకం గనుల చుట్టుపక్కలా, మహబూబ్‌నగర్ ప్రాంతంలోనూ దాన్ని తవ్వి తీస్తుంటారు. ఈ మూడింటినీ నీళ్లతో కలిపి మెత్తగా నూరి, ఆ గుజ్జును వేడి గాలిలోకి చిమ్మి పొడి చేస్తారు. ఆ పొడిని చదరపు సెంటీమీటరుకు దాదాపు 400 కిలోల ఒత్తిడితో అదిమితే పచ్చి పలక వస్తుంది. దాన్ని 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి, రేణువుల మధ్య సందులను పూడ్చేస్తుంది. కొలిమి దాటి వచ్చిన పలక తన బరువులో అర శాతానికి మించి నీరు పీల్చదు. పోర్సిలేన్ అనిపించుకోవాలంటే అంతర్జాతీయ ప్రమాణం గీసిన గీత అదే. మన షాపుల్లో ఈ జాతి పలకలను విట్రిఫైడ్ అంటారు.

కుక్కనో పిల్లినో పెంచే ఇంట్లో ఆ అర శాతమే సగం సమస్యలు తీరుస్తుంది. అసలు చెక్క నేల మీద మూత్రం పడి కాసేపు నిలిస్తే నల్లటి మచ్చ పడుతుంది. లామినేట్ పలకలైతే కీళ్ల దగ్గర తడి తాగి ఉబ్బుతాయి. విట్రిఫైడ్ పలకకు ఆ బెడద లేదు. అందుకే చెక్క అందం కావాలి, ఇంట్లో జంతువులూ ఉన్నాయి అనేవాళ్లు ఉడెన్ టైల్స్ వైపు చూస్తారు. ఆ చూపు సరైనదే. కానీ ఈ టైల్ పుట్టి పెరిగిన చరిత్ర మొత్తం మనిషి కంటిని మెప్పించడానికి సాగింది. జంతువు పాదానికి ఏం కావాలో ఆ చరిత్రలో ఎవరూ ప్రత్యేకంగా అడగలేదు. ఆ లెక్క కొనేవాళ్లే చూసుకోవాలి.

ఇటలీలో మోదెనా పక్కన సస్సువోలో అనే పట్టణం ఉంది. దాని చుట్టూ ఉన్న ఊళ్లలోనే ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో టైల్స్ పరిశ్రమ రూపురేఖలు మారాయి. 1970లలో అక్కడ పలకను రోలర్ల మీద నడిపిస్తూ, ఒకే విడతలో, గంటలోపే కాల్చే పద్ధతి స్థిరపడింది. ఉత్పత్తి వేగం పెరిగిందిగానీ పలక మీద బొమ్మ వేసే పని మాత్రం నత్తనడకే నడిచింది. సన్నని జల్లెడ గుడ్డ మీదుగా రంగును రుద్ది దించే స్క్రీన్ ప్రింటింగే దిక్కు. ఆ అచ్చుతో చారలు వేయవచ్చు, పువ్వులు వేయవచ్చు. చెక్కను మాత్రం ఎవరూ నమ్మేలా వేయలేరు. చెట్టు ప్రతి ఏడూ ఒక వలయం పెంచుకుంటుంది. కొమ్మ మొలిచినచోట ముడి కడుతుంది. వాన ఎక్కువైన ఏడు ఒకలా, తక్కువైన ఏడు ఒకలా పెరుగుతుంది. కాబట్టి ఏ రెండు చెక్క పలకలూ ఒకేలా ఉండవు. స్క్రీన్ నుంచి దిగిన పలకలన్నిటికీ ఒకే ముడి, ఒకే చోట. హాలంతా పరిస్తే మోసం గుమ్మం దగ్గరే బయటపడేది.

సస్సువోలో పక్కనే ఉన్న ఫియోరానోలో ఫ్రాంకో స్టెఫాని అనే ఆవిష్కర్త సిస్టమ్ అనే యంత్రాల కంపెనీ నడిపేవాడు. 1994లో ఆయన రోటోకలర్ అనే యంత్రం తెచ్చాడు. సిలికోన్ రోలరు మీద లేజర్‌తో సన్నని గుంటలు చెక్కుతారు. ఆ గుంటల్లో రంగు నింపుకుని రోలరు పలక మీద దొర్లుతుంది. రోలరు చుట్టుకొలత పలక కంటే పొడవు కాబట్టి, దొర్లడం ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి పలకకూ పలకకూ బొమ్మ మారుతుంది. రాయిని అనుకరించడంలో ఇది పెద్ద ముందడుగు. చెక్కకు మాత్రం ఇదీ చాలలేదు. చెక్క ఒంటి మీద నరాలుంటాయి, లోతులుంటాయి. రోలరు ఎత్తుల మీద రంగు అద్దగలదు, గుంటల అడుగును అందుకోవడం దానికి కష్టం. గట్టిగా ఒత్తుదామంటే ఇంకా కాలని పచ్చి పలక విరుగుతుంది.

పలకను అసలు ముట్టుకోకుండానే బొమ్మ వేయగలిగితే? ఆ పని స్పెయిన్‌లో జరిగింది. కాస్తెయోన్ జిల్లా అల్మసోరాలో హోసే విసెంటే తోమాస్ క్లారమోంతే 1998లో కెరాజెట్ కంపెనీ పెట్టాడు. 2000లో వాలెన్సియా టైల్స్ ప్రదర్శనలో ఆ కంపెనీ ఇంక్‌జెట్ అచ్చు యంత్రాన్ని చూపింది. ఆఫీసు బల్ల మీది ప్రింటర్‌లో కాగితం ఎలా కదులుతుందో, ఇక్కడ పచ్చి పలక అలా బెల్టు మీద కదులుతుంటుంది. పైనుంచి రంగు చుక్కలు రాలతాయి. గుంటైనా మిట్టైనా చుక్క పడాల్సిన చోట పడుతుంది.

చెప్పినంత తేలిక కాదు ఆ చుక్క. కాగితం మీద వాడే రంగులు సేంద్రియ పదార్థాలు, కొలిమిలో పూర్తిగా కాలిపోతాయి. 1200 డిగ్రీలు తట్టుకునేవి కోబాల్ట్, ఇనుము, క్రోమియం, ప్రసియోడిమియం లాంటి లోహాలతో చేసిన ఖనిజ రంగులే. మొదట్లో ఆ లోహాల లవణాలను ద్రవంలో కరిగించి వాడారు, రంగులు పేలవంగా వచ్చాయి. తర్వాత ఖనిజ రంగునే మైక్రాన్ కంటే చిన్న రేణువులుగా నూరి ద్రవంలో తేలేలా చేశారు. మరీ మెత్తగా నూరితే రంగు వెలిసిపోతుంది, గరుకుగా ఉంచితే నాజిల్ మూసుకుపోతుంది. పైగా ఈ ఖనిజ రేణువులు బరువైనవి. యంత్రం కాసేపు ఆగితే చాలు, అడుగున పేరుకుంటాయి.

ఆ పేరుకుపోయే జబ్బుకు మందు ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. జార్ అనే సంస్థ 2007లో విడుదల చేసిన 1001 అనే ప్రింట్‌హెడ్‌లో ఇంకు నాజిల్ వెనక నుంచి ఎడతెగకుండా పారుతూ తిరిగి తొట్టిలోకి వెళుతుంది. నిలవ ఉంటే కదా పేరుకోవడం! ఒక్కో హెడ్‌లో 1000 నాజిళ్లు. వాటి వెనకున్న ఇంకు కాలువల గోడలు కరెంటు తగలగానే ఒంగే పియెజో పదార్థంతో చేసినవి. గోడ ఒంగినప్పుడు 6 నుంచి 42 పికోలీటర్ల దాకా కావలసిన పరిమాణంలో చుక్క బయటికి దూకుతుంది. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోలీటరు. 2000లో పుట్టిన ఆలోచన అసలైన పరిశ్రమగా మారింది ఈ హెడ్ వచ్చాకే అని నా అభిప్రాయం. ఆపకుండా రేయింబవళ్లు నడిచే కొలిమికి, మధ్యమధ్య మొరాయించే అచ్చు యంత్రం పనికిరాదు మరి.

ఇందులో ఒక విచిత్రముంది. మంటను తట్టుకునే ఖనిజ రంగుల్లో నిఖార్సైన ఎరుపు, గులాబీ దొరకడం కష్టం. గోధుమ, లేత పసుపు, నలుపు మాత్రం చక్కగా వస్తాయి. చెక్కకు కావలసినవి సరిగ్గా అవే. గులాబీ పువ్వును అచ్చేయడానికి తంటాలుపడే యంత్రం వాల్‌నట్‌ను అవలీలగా అచ్చేసింది. అసలు చెక్క పలకలను, పాతబడిన గాదెల గోడల నుంచి ఊడదీసిన పలకలను కూడా, పెద్ద స్కానర్ల మీద పెట్టి ప్రతి నరాన్నీ ఫైలుగా మార్చుకున్నారు. ఒకే డిజైన్‌లో పదుల కొద్దీ వేర్వేరు బొమ్మలు సాధ్యమయ్యాయి. వాటినే షాపువాళ్లు ఫేస్‌లు అంటారు. 2010 తర్వాతి ఏళ్లలో ఈ యంత్రాలు గుజరాత్‌లోని మోర్బీని నింపేశాయి. ఒకప్పుడు గోడ గడియారాలకూ ఇంటి పెంకులకూ పేరున్న ఆ ఊరే ఇవాళ మన దేశపు టైల్స్‌లో సింహభాగం కాల్చి పంపుతోంది. విజయవాడ షాపులో అయినా వరంగల్ షాపులో అయినా మీరు చూసే ఉడెన్ టైల్ అక్కడి నుంచి వచ్చి ఉండడానికే అవకాశం ఎక్కువ.

ఇన్నేళ్ల శ్రమతో బొమ్మ గెలిచింది. ఇక పాదం సంగతి.

కుక్క గోళ్లు పిల్లి గోళ్లలా లోపలికి ముడుచుకోవు. మట్టి మీద, గడ్డి మీద పరుగెత్తేటప్పుడు అవి నేలలో దిగి పట్టునిస్తాయి. పోర్సిలేన్‌లో ఏ గోరూ దిగదు. పట్టు ఇవ్వాల్సినవి పాదం కింది మెత్తని దిండ్లు మాత్రమే. గోళ్లు పొడుగ్గా పెరిగినా, దిండ్ల మధ్య వెంట్రుకలు ముసిరినా ఆ పట్టు కూడా పోతుంది. కుర్ర కుక్క జారి లేచి మళ్లీ పరుగెడుతుంది. తుంటి కీలు సరిగా అమరని లాబ్రడార్, కీళ్లు అరిగిన ముసలి కుక్క జారితే మాత్రం నొప్పితో మూలుగుతాయి. కొన్ని అయితే హాలు దాటడానికే భయపడి వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోతాయి. కాబట్టి ఉడెన్ టైల్‌లో నిగనిగలాడే పాలిష్ రకాన్ని, షాపులో పీజీవీటీ అనేదాన్ని, కుక్క ఉన్న ఇంటికి తీసుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. చేయి పెడితే సన్నని గరుకు తగిలే మ్యాట్ రకం కావాలి.

జారుడుకు కొలతలున్నాయి. జర్మన్ పద్ధతిలో పలకల మీద నూనె పోసి, బూట్లు తొడుక్కున్న మనిషిని వాటి మీద నడిపిస్తూ వాలు క్రమంగా పెంచుతారు. 6 నుంచి 10 డిగ్రీల మధ్య జారితే ఆర్9, 10 దాటి 19 దాకా తట్టుకుంటే ఆర్10, ఆపైన 27 దాకా ఆర్11. అమెరికాలో తడి నేల మీద ఘర్షణ గుణకం 0.42 ఉండాలంటారు. ఇవన్నీ మనిషి కాలిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్కలు, కుక్క పాదంతో చేసినవి కావు. అయినా దారి చూపుతాయి. ఇంటి లోపలికి ఆర్10 సరిపోతుంది. ఆర్11కి వెళితే గరుకులో వెంట్రుకలు చిక్కుకుని తుడుపుకర్రకు లొంగవు. డబ్బా మీద ఈ అంకె లేకపోతే షాపులోనే నమూనా మీద కాసిని నీళ్లు పోసి అరచేయి ఆనించి జరిపి చూడండి. ఆ పరీక్షకు సిగ్గుపడాల్సిన పని లేదు.

గీతల భయం మాత్రం చాలావరకు అనవసరం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద గోరు రెండున్నర దగ్గర ఉంటుంది, టైల్ మీది గాజు పూత, అంటే గ్లేజు, ఐదు, ఆరు దగ్గర. గోరు గ్లేజును గీయలేదు. గీసేది కుక్క పాదాలకు అంటుకుని వచ్చే ఇసుక. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం 7. గుమ్మం ముందు గరుకు పట్టా వేసి, వీధిలోంచి రాగానే కాళ్లు తుడిస్తే నేల చాలాకాలం కొత్తగానే ఉంటుంది. గ్లేజు అరుగుదలను పీఈఐ అంకెతో చెబుతారు, ఇంటికి 4 ఉంటే నిశ్చింత. ఇంకొకటి: మ్యాట్ టైల్ మీద బూడిద రంగు గీతలు కనిపిస్తే కుక్కను తిట్టేవాళ్లున్నారు. చాలాసార్లు అవి స్టీలు గిన్నెను నేల మీద ఈడ్చినప్పుడు అంటుకున్న లోహం. గిన్నె కింద రబ్బరు పట్టా వేస్తే మళ్లీ పడవు.

మూత్రం దగ్గర అసలు బలహీనత పలకల మధ్య ఉంది. ఆ సందులు నింపే సిమెంటు గ్రౌట్‌కు సన్నని రంధ్రాలుంటాయి, అది పీలుస్తుంది. లోపల బాక్టీరియా యూరియాను అమోనియాగా విడగొడుతుంది. పిల్లి మూత్రంలోనైతే ఫెలినైన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది విరిగినప్పుడు పుట్టే గంధకపు వాసన గది దాటి వస్తుంది. అందుకే ఖర్చు ఎక్కువైనా ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. పలక ధర దగ్గర బేరమాడి తగ్గించుకున్న డబ్బును గ్రౌట్ మీద పెట్టడం తెలివైన పని. దాని రంగు చెక్క రంగుకు దగ్గరగా ఉంటే కళ్లకూ హాయి. తుడిచే ద్రవంలో అమోనియా ఉండకూడదు. ఆ వాసన మూత్రాన్ని తలపించి జంతువును మళ్లీ అదే చోటికి రప్పిస్తుంది.

వేసవిలో ఈ నేల చేసే మేలు కూడా చెప్పుకోవాలి. పోర్సిలేన్ చెక్క కంటే ఎన్నో రెట్లు త్వరగా వేడిని లాక్కుంటుంది. మే నెల మధ్యాహ్నం కుక్క పొట్ట ఆనించి కాళ్లు చాపుకుని పడుకునేది అందుకే. అదే గుణం చలికాలంలో ముసలి ప్రాణికి కష్టం, దానికి ఒక బొంత పరవాలి. అమెరికా చలి ఊళ్లలో ఉంటున్న తెలుగువాళ్లు నేల కింద వేడి తీగలు వేయించుకుంటే, వాటి వేడిని గదిలోకి చేరవేయడంలో చెక్క కంటే టైలే మేలు.

పరిచే పనిలో మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. కొలిమిలో పలక ప్రతి వైపూ దాదాపు 7 శాతం కుదించుకుపోతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవున్న సన్నని పలక అలా కుదించుకుంటూ మధ్యలో కాస్త ఉబ్బడం సహజం. ఇటుకల వరుసలా సగానికి సగం జరిపి పరిస్తే ఒక పలక ఉబ్బు పక్క పలక అంచు దగ్గరికి వస్తుంది. అక్కడ మెట్టు లేస్తుంది. ఆ మెట్టులో వెంట్రుకలు, దుమ్ము చేరతాయి, కాలివేళ్లకూ తగులుతుంది. మూడో వంతుకు మించి జరపవద్దని చెప్పండి. పరిచే ముందు నాలుగైదు డబ్బాలు ఒకేసారి విప్పి ఫేస్‌లు కలిపి వేయించండి. లేకపోతే అన్నన్ని బొమ్మలు సాధించిన యంత్రం కష్టం వృథాపోయి, ఒకే ముడి పక్కపక్కన కూర్చుంటుంది.

కొనేటప్పుడే రెండు డబ్బాలు ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టుకోవాలి. డబ్బా మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. అచ్చు ఫైలు మోర్బీలో భద్రంగానే ఉండవచ్చు. కానీ మట్టి తేమ, కొలిమి వేడి కాస్త మారినా అదే ఫైలు నుంచి వచ్చే గోధుమ రంగు ఛాయ మారిపోతుంది. ఆరునెలల తర్వాత ఒక పలక పగిలితే, అదే పేరుతో కొన్న కొత్త పలక పాతవాటి మధ్య అతుకులా కనిపిస్తుంది.